మూడు కెమెరాల కాపురం

1951 మొదట్లో అమెరికా టీవీ చాలావరకు న్యూయార్క్‌లో ఉండేది. కార్యక్రమాలు అక్కడి స్టూడియోల్లో ఆడేవారు, ఆడుతుండగానే తూర్పు రాష్ట్రాలకు ప్రసారం అయిపోయేవి. ఆ బొమ్మను పడమటి తీరం దాకా మోసుకుపోయే ఏర్పాటు ఇంకా పూర్తికాలేదు. అందుకని టీవీ తెర ముందు సినిమా కెమెరా పెట్టి, కనబడుతున్నదాన్ని ఫిల్ము మీదికి దించి, ఆ రీళ్ళను లాస్ ఏంజెలెస్‌కు పంపేవారు. దానికి కినెస్కోప్ అని పేరు. బొమ్మ నీళ్ళలో నుంచి చూస్తున్నట్టు మసకగా ఉండేది. టీవీ సెట్లు ఎక్కువగా తూర్పునే ఉన్నాయి కాబట్టి పడమటివాళ్ళు ఏం చూస్తున్నారన్న బెంగ ఎవరికీ పెద్దగా లేదు.

ఇప్పుడు మనం సిట్‌కామ్ అని పిలుస్తున్నదానికి ఒక రూపం వచ్చింది ఈ మసక బొమ్మ మీద పడ్డ పేచీలోనే.

లూసిల్ బాల్ అప్పటికి సినిమాల్లో రెండో వరస కథానాయిక. 1948 నుంచి సీబీఎస్ రేడియోలో ‘మై ఫేవరెట్ హజ్బెండ్’ అనే హాస్య కార్యక్రమంలో ఒక బ్యాంకు ఉద్యోగి భార్య వేషం వేస్తోంది. దాన్ని టీవీకి తెద్దామని సీబీఎస్ అడిగింది. మొగుడి వేషం నా మొగుడే వెయ్యాలి, లేకపోతే లేదంది లూసీ. ఆయన డెసి ఆర్నాజ్, క్యూబా నుంచి వచ్చిన బ్యాండు మాస్టరు. ఏడాదిలో సగం రోజులు ఊళ్ళు తిరుగుతూనే ఉండేవాడు, కాపురం చూస్తే అంతంతమాత్రం. ఇద్దరూ ఒకే చోట పనిచేస్తే ఇల్లు నిలబడుతుందని ఆవిడ ఆశ. (తొమ్మిదేళ్ళకు విడాకులయ్యాయనుకోండి, అది వేరే కథ.) ఇంగ్లీషు అంత యాసగా మాట్లాడే క్యూబా మనిషి అమెరికా పిల్లకు మొగుడంటే జనం నమ్ముతారా అని సీబీఎస్ నసిగింది. 1950లో ఇద్దరూ కలిసి ఊరూరా స్టేజి మీద ఆడి చూపించారు. జనం పడిపడి నవ్వారు. సీబీఎస్ మెట్టు దిగింది.

సిగరెట్ల కంపెనీ ఫిలిప్ మోరిస్ స్పాన్సర్‌గా దొరికింది. అంతా కుదిరాక, న్యూయార్క్ ఎప్పుడు వస్తారని అడిగారు. రామన్నారు వీళ్ళు. ఇల్లు కాలిఫోర్నియాలో ఉంది, లూసీ అప్పుడు నిండు గర్భిణి. అలాగైతే మా సిగరెట్లు కొనే తూర్పువాళ్ళు మసక బొమ్మ చూడాలా అని కంపెనీ అడ్డం తిరిగింది. దానికి మిగిలిన దారి ఒక్కటే, సినిమా తీసినట్టు నేరుగా ఫిల్ము మీద తియ్యడం. అప్పుడు తూర్పుకైనా పడమరకైనా ఒకే తేటదనంతో ప్రింటు వెళ్తుంది. కానీ ఖర్చెక్కువ. సీబీఎస్ కొంత, కంపెనీ కొంత వేసుకున్నాక ఇంకా తరుగు పడింది. మా జీతంలో వారానికి 1000 డాలర్లు కోసుకోండి, కాకపోతే తీసిన ఫిల్ములన్నీ మావే అన్నాడు డెసి. సీబీఎస్ సరేనంది. ఒకసారి ప్రసారమైపోయిన హాస్య నాటికకు మళ్ళీ విలువ ఉంటుందని అప్పట్లో అనుకున్నవాళ్ళు అరుదు.

ఇంకో చిక్కు మిగిలింది. లూసీకి ఎదురుగా జనం ఉంటేనే హాస్యం పలుకుతుంది. రేడియో రోజుల్లోనే ఆ సంగతి రచయిత, నిర్మాత జెస్ ఓపెన్‌హైమర్ పట్టుకున్నాడు. వెళ్ళి హాస్యనటుడు జాక్ బెన్నీ కార్యక్రమం చూసి రమ్మని ఆవిడను పంపాడు. చూసొచ్చాక లూసీ మైకు ముందు మూతి ముడవడం, కళ్ళు తిప్పడం మొదలెట్టింది, అదీ రేడియోలో! స్టూడియోలో కూచున్నవాళ్ళు నవ్వితే ఆ నవ్వు ఇళ్ళలో వినేవాళ్ళకు అంటుకునేది. అందుకే టీవీకి కూడా ప్రేక్షకులు ఉండి తీరాలి. కానీ సినిమా పద్ధతిలో కెమెరా ఒక్కటే. కోణం మారినప్పుడల్లా లైట్లు మార్చి, అదే మాట మళ్ళీ చెప్పించాలి. ఒకే జోకుకు ఐదుసార్లు నవ్వే ప్రేక్షకుణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తాం?

డెసి వెళ్ళి కార్ల్ ఫ్రాయిండ్‌ను పట్టుకున్నాడు. జర్మనీలో ‘మెట్రోపాలిస్’ తీసిన ఛాయాగ్రాహకుడాయన. హాలీవుడ్‌కు వచ్చి ‘ది గుడ్ ఎర్త్’కు ఆస్కార్ తీసుకున్నాడు. డబ్బుకు లోటు లేదు, కాంతిని కొలిచే మీటర్లు తయారుచేసే సంస్థే ఉంది. మూడు కెమెరాలు ఒకేసారి తిరగాలి, దూరం నుంచీ దగ్గర నుంచీ ముఖాలు ఒకేలా వెలగాలి, మధ్యలో ప్రేక్షకులకు ఏదీ అడ్డు రాకూడదు. వినగానే ఇది కాని పని అన్నాడట. కాని పని అనడమే పొరపాటైంది, పంతం ఎక్కి ఒప్పుకున్నాడు. దీపాలన్నీ పైకెక్కించాడు. నేల మీద స్టాండన్నది లేకుండా, మూడు వైపుల నుంచీ సమంగా వెలుగు పడేలా అమర్చాడు. మధ్య కెమెరాకు గది మొత్తం, పక్క కెమెరాలకు ముఖాలు. ఈ చదును వెలుతురును కళాహృదయులు ఇప్పటికీ వెక్కిరిస్తారు. నీడలతో జర్మన్ సినిమాను శాసించిన మనిషి నీడలే లేని వెలుగును కనిపెట్టడం నాకైతే గొప్పగానే తోస్తుంది.

న్యాయంగా చెప్పాలంటే, ఫిల్ము మీద ఒకటికి మించి కెమెరాలు వాడడం వీళ్ళతోనే మొదలు కాలేదు. ‘ట్రూత్ ఆర్ కాన్సీక్వెన్సెస్’ అనే క్విజ్ కార్యక్రమాన్ని అప్పటికే అలా తీశారు. అందులో పనిచేసిన అల్ సైమన్‌నే వీళ్ళు పిలిపించుకున్నారు. ఒక కథను, పాత్రలతో, 300 మంది ప్రేక్షకుల ఎదుట నాటకంలా వరసగా ఆడుతూ తియ్యడం వీళ్ళ పని. జనం లోపలికి రావడానికి స్టూడియో గోడ పగలగొట్టి వాకిలి పెట్టారు. ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదని అధికారులు అభ్యంతరం చెబితే లూసీ తన గదిలోది ఇచ్చేసింది. మూడు కెమెరాల రీళ్ళు పక్కపక్కనే తిప్పి చూసుకుంటూ కత్తిరించడానికి ఎడిటర్ డాన్ కాన్‌కు ఒక ప్రత్యేక యంత్రం తెప్పించారు. దానికి ఆయన పెట్టిన పేరు మూడు తలల రాక్షసి.

1951 అక్టోబరు 15, సోమవారం రాత్రి ‘ఐ లవ్ లూసీ’ మొదలైంది.

ఆ స్టూడియో కొలతలే కథకు కొలతలయ్యాయి. ప్రేక్షకుల ఎదుట పట్టేది రెండు మూడు గదులు, కాబట్టి కథ ఇంట్లోనే నడవాలి. సోఫా ప్రేక్షకుల వైపు తిరిగి ఉంటుంది, తలుపులోంచి ఎప్పుడూ ఎవరో ఊడిపడతారు. ‘ఫ్రెండ్స్’లో మోనికా ఇల్లు గుర్తు తెచ్చుకోండి, అదే అమరిక. జనం నవ్వుతుంటే నటులు ఆగాలి, ఆగినంత సేపూ పాత్రలోనే ఉండాలి. అరగంట మధ్యలో ప్రకటన, కాబట్టి అక్కడికి చిక్కుముడి బిగిసి ఉండాలి.

ముడి వెయ్యడంలో రచయితలు ఓపెన్‌హైమర్, మాడెలిన్ ప్యూ, బాబ్ కారల్ ముగ్గురి పనితనం 1952 సెప్టెంబరు 15 నాటి చాక్లెట్ ఫ్యాక్టరీ ఎపిసోడులో చూడాలి. ఖర్చుల మీద గొడవపడి ఆడవాళ్ళు ఉద్యోగానికీ, మగవాళ్ళు వంటకీ దిగుతారు. లూసీ, పక్కింటి ఎథెల్ కదిలే బెల్టు ముందు నిలబడి చాక్లెట్లకు కాగితం చుట్టాలి. ఒక్కటి చుట్టకుండా దాటిపోయినా ఉద్యోగం పోతుందని సూపర్‌వైజరు ముందే చెబుతుంది. ఈ హెచ్చరిక లేకపోతే ఆ తర్వాతి నవ్వు లేదు. బెల్టు మొదట నెమ్మదిగానే కదులుతుంది. వేగం పెరిగాక చుట్టలేనివి నోట్లో, టోపీలో, జాకెట్లో కుక్కుతారు. సూపర్‌వైజరు వచ్చి చూస్తే బెల్టు ఖాళీ. భేష్ అని, వేగం పెంచమని కేకేస్తుంది. తప్పు దాచుకోవడంలో ఎంత నెగ్గితే అంత మునుగుతారు. అవతల ఇంట్లో అన్నం పొంగి నేలంతా పరుచుకుంటుంది. సాయంత్రానికి ఎవరి పని వాళ్ళకే అప్పజెప్పుకుని, భార్యలకు మొగుళ్ళు ప్రేమగా తెచ్చిచ్చే కానుక: చాక్లెట్ల పెట్టెలు.

ఈ రచయితలు ముందు ఇలాంటి రచ్చ ఒకటి ఊహించుకుని, అక్కణ్ణుంచి వెనక్కి నడిచేవారు. ఇంత గడ్డి కరవడానికి ఈమెను ఏ చిన్న కోరిక తోసింది అని. ఆ కోరిక సబబుగా కనిపిస్తే చాలు, చివర్లో ఎంత అఘాయిత్యం జరిగినా జనం వెంట వస్తారు. లూసీకి స్టేజి ఎక్కాలని ఉంటుంది, మొగుడు వద్దంటాడు. ఆవిడకు బుద్ధి రాదు. వస్తే వచ్చే సోమవారం లేదు.

మన ‘అమృతం’ 2001లో జెమినీలో మొదలైనప్పుడు ప్రేక్షకుల గ్యాలరీ లేకపోయినా ఎముకల గూడు ఇదే: పక్కపక్క ఇళ్ళలో రెండు జంటలు, వారానికో పథకం, మళ్ళీ మొదటికి. అమృతరావు వేషం శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ మార్చి మార్చి వేసినా బండి ఆగలేదు. లూసీని మార్చి ‘ఐ లవ్ లూసీ’ నడపడం ఊహకందదు. ఆ విషయంలో మనవాళ్ళదే గట్టి కట్టడం అంటాను.

లూసీ రెండోసారి గర్భవతి అయినప్పుడు దాన్నీ కథలో కలిపేశారు. గర్భం అన్న మాట మాత్రం తెర మీద వినబడకూడదని సీబీఎస్ ఆంక్ష. 1953 జనవరి 19న ఆస్పత్రిలో ఆమె కొడుకును కన్నది, అదే రాత్రి టీవీలో లూసీ కూడా కొడుకును కన్నది. 4.4 కోట్ల మంది చూశారు. బాలింతకు విశ్రాంతి కావాలి కాబట్టి కొన్ని వారాలు పాత ఎపిసోడ్లే మళ్ళీ వేశారు. జనం మళ్ళీ కూచుని చూశారు, మళ్ళీ నవ్వారు. ఏ ఎపిసోడుకా ఎపిసోడు మొదటికొచ్చి ముగిసే కథలకు వరసతో పనిలేదు, ఎప్పుడు ఏది వేసినా చెల్లుతుంది. రేడియో నుంచి అలవాటుగా వచ్చిన ఆ ముగింపుకు ఇప్పుడు ధర పలికింది.

ఫిల్ములు ఎవరివో అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. వాటి హక్కులను సీబీఎస్ తర్వాత లక్షల డాలర్లు పోసి ఆ దంపతుల దగ్గరే కొనుక్కుంది. 1957లో ఆ ఇద్దరూ 60 లక్షల డాలర్లకు పైగా పెట్టి ఆర్‌కేఓ స్టూడియోను కొన్నారు. ఒకప్పుడు చిన్నాచితకా వేషాలకు లూసీ జీతం మీద పనిచేసిన స్టూడియో అది.