మిషన్ల హద్దులు, పల్లెల మధ్య గోడలు

తెలుగు నేల మీద క్రైస్తవం గురించి రాసినవాళ్లలో కొందరు దొరల త్యాగాలు రాశారు, కొందరు మతమార్పిడిని విదేశీ కుట్రగా రాశారు. రెండు రాతల్లోనూ మాలలు, మాదిగలు ఎవరో కదిపితే కదిలినవాళ్లుగానే కనిపిస్తారు. క్రైస్తవంలోకి వచ్చాక మన వాళ్లు ఒకరినొకరు ఎందుకు వేరుగా చూసుకున్నారు, ఒక సంఘం వాళ్లు ఇంకో సంఘం ప్రభువు బల్లకు ఎందుకు దూరమయ్యారు అన్నది ఎక్కువమందికి పట్టలేదు. ఇది మన ప్రశ్న గనక మనమే వేసుకోవాలని మేము అనుకుంటున్నాం.

ముందు మిషన్ల పటం చూద్దాం. లండన్ మిషన్ 1805లో విశాఖపట్నంలో మొదలై తర్వాత కడప వైపు విస్తరించింది. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఆంగ్లికన్ల చర్చి మిషనరీ సొసైటీ 1841లో మచిలీపట్నం చేరింది. లూథరన్ల తరఫున హయ్యర్ 1842లో గుంటూరు వచ్చాడు. ఒకరి ప్రాంతంలో ఇంకొకరు వేలు పెట్టకూడదని ప్రొటెస్టెంటు సొసైటీలు చాలావరకు తమలో తాము హద్దులు గీసుకున్నాయి. దాంతో ఒక కుటుంబం బాప్టిస్టా, లూథరనా, ఆంగ్లికనా అన్నది వాళ్లు వాక్యం చదివి తేల్చుకున్నదాని కన్నా, ఏ తాలూకాలో పుట్టారన్నదాన్ని బట్టే ఎక్కువగా తేలిపోయింది.

ఒంగోలు చరిత్రలో యర్రగుంట్ల పేరయ్య సంగతే తీసుకోండి. ఆయన మాదిగ, తోళ్ల వ్యాపారి. సువార్త మొదట విన్నది వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు, వేరే మిషన్ల వాళ్ల దగ్గర. బాప్తిస్మం పొందింది మాత్రం 1866లో బాప్టిస్టు మిషన్‌లో. తర్వాత ఆయన తన చుట్టాలకు, కులపు వాళ్లకు చెప్పాడు. 1876-78 కరువు కాలంలో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. దీన్ని దొర గొప్పతనంగానో కరువు గంజికి ఆశపడడంగానో చెప్పేవాళ్లు పేరయ్యలాంటి వాళ్ల పనిని మరిచిపోతారు.

కానీ బంధుత్వాల దారిన నడిచిన మతం ఆ బంధుత్వాల హద్దు దగ్గరే ఆగింది. మాదిగపల్లెలో బాప్టిస్టు గుడి లేస్తే మాలపల్లె అటు రాలేదు. గుంటూరు, కృష్ణా ప్రాంతాల మాలలు ఎక్కువగా లూథరన్, ఆంగ్లికన్ సంఘాల్లో చేరారు. రెండు మిషన్లు ఒకే తాలూకాలో పనిచేసిన చోట గీత గీసింది కులమే. ‘మాలల మిషన్’, ‘మాదిగల మిషన్’ అన్న మాటలు అట్లా పుట్టినవే.

ఆ మీద సిద్ధాంతం వచ్చి చేరింది. ముంపు బాప్తిస్మం వాళ్లు చిలకరింపు బాప్తిస్మాన్ని బాప్తిస్మమే కాదన్నారు. బిషపు చేతుల మీదుగా నిర్ధారణ పొందనివాళ్లకు ఆంగ్లికన్లు బల్ల ఇవ్వలేదు. ప్రొటెస్టెంట్లంతా కలిసి ఆర్‌సీయం వాళ్లను ‘బొమ్మలు మొక్కేవాళ్లు’ అన్నారు. ఆర్‌సీయం వాళ్లు వీళ్లందరినీ దారి తప్పినవాళ్లన్నారు.

ఈ భేదాలన్నీ కులానికి ముసుగేనని మేము అనడం లేదు. ఐరోపాలో నెత్తురు పారించిన తగాదాలు దొరలతో పాటు మన పల్లెలకు దిగుమతి అయ్యాయి. మన వాళ్లు వాటిని నిజంగానే నమ్మారు. అయితే ఏ గోడ మందమో పెళ్లిళ్లను చూస్తే తెలుస్తుంది. లూథరన్ మాల ఇంటికీ సీఎస్‌ఐ మాల ఇంటికీ సంబంధాలు కలుస్తూనే ఉన్నాయి. మాల, మాదిగ ఇళ్ల మధ్య అవి ఇవాళ్టికీ అరుదే.

ఈ గోడల మీద సూటిగా ప్రశ్న వేసింది అంబేద్కర్. 1935 అక్టోబర్ 13న యేవలాలో హిందువుగా చావనని ప్రకటించాక ఆయన దోర్నకల్ బిషపు అజరయ్యతో మాట్లాడారు. మీ దోర్నకల్ ప్రాంతంలోనే ఇన్ని సంఘాలున్నాయి గదా, మా జనం వస్తే ముక్కలుముక్కలై పోరా అని ఆయన అడిగినట్టు, తన దగ్గర జవాబు లేక తలదించుకున్నానని అజరయ్య తర్వాత చెప్పుకున్నట్టు ఆయన జీవితచరిత్రకారులు రాశారు. ఈ విభజనలు బయటినుంచి మన మీద రుద్దినవని 1919లోనే తరంగంబాడిలో భారతీయ క్రైస్తవ నాయకులు ప్రకటించారు. ఆ సభకు ముందు నిలిచినవాళ్లలో అజరయ్య ఒకరు. సంఘాల ఐక్యత చూడకుండానే ఆయన 1945లో చనిపోయారు.

1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. బాప్టిస్టులు, లూథరన్లు బయటే ఉండిపోయారు. నంద్యాల ఆంగ్లికన్లలో పెద్ద భాగం కూడా అప్పుడు కలవలేదు. అంటే కోస్తాలో మాల, మాదిగ సంఘాల మధ్య ఉన్న ముఖ్యమైన గోడను ఆ ఐక్యత తాకనే లేదు.

రాజ్యం మాత్రం మనలో ఈ తేడాలేవీ చూడలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో ముంపు వాళ్లూ చిలకరింపు వాళ్లూ ఒక్క దెబ్బకే షెడ్యూల్డు కులాల జాబితా బయటపడ్డారు. మన దగ్గర బీసీ-సి కింద దక్కింది ఒక్క శాతం. 1985 జూలై 17న కారంచేడులో మాదిగలను, 1991 ఆగస్టు 6న చుండూరులో మాలలను చంపినవాళ్లు ఎవరిది ఏ గుడి అని అడగలేదు. కలిసి దెబ్బ తిన్నవాళ్లం కలిసి బల్ల దగ్గర కూర్చోలేకపోతే, ఉద్యమంలో మాత్రం ఎంతకాలం కలిసి కూర్చుంటాం?

ఇందుకు ఉపన్యాసాలు చాలవు. పల్లెల్లో గుడుల బాప్తిస్మపు, పెళ్లి రిజిస్టర్లు చెదలు పట్టిపోతున్నాయి. ఎవరు ఏ మిషన్‌లో చేరారో, ఎవరి బల్లకు ఎవరిని రానివ్వలేదో, గోడ దాటి పెళ్లి చేసుకున్న కొద్దిమంది ఎవరో వాటిలో కొంతైనా దొరుకుతుంది. విద్యార్థులు, ఉపాధ్యాయులు తమ ఊరి రెండు పల్లెల్లోనూ ఈ పని మొదలుపెట్టాలి. మాలపల్లె చరిత్రను మాదిగ పిల్లలు, మాదిగపల్లె చరిత్రను మాల పిల్లలు రాసుకొస్తే ఇంకా మేలు.