8 డాలర్లతో అమెరికా: 1960ల వలసను ఎలా చదవాలి?

1965 అమెరికా వలస చట్టం అనగానే మనం ‘మేధో వలస’ అని రాసేసి పక్క ప్రశ్నకు వెళ్ళిపోతాం. ఈసారి ఆ రోజుల్లో బయలుదేరిన కుటుంబం లెక్క వేసి చూడండి.

1946 లూస్-సెల్లర్ చట్టంలో భారతీయుల కోటా ఏడాదికి 100. 1965 అక్టోబరు 3న జాన్సన్ సంతకం చేసిన చట్టం జాతీయ మూలాల కోటాలను రద్దు చేసి, నైపుణ్యానికి, కుటుంబ సంబంధాలకు ప్రాధాన్యం ఇచ్చింది.

సరిగ్గా అప్పుడే ఇక్కడ రూపాయి పడింది. 1966 జూన్ 6న డాలరు 4.76 నుంచి 7.50 రూపాయలైంది. (బిట్‌లో తికమకపడకండి: డాలరు ధర 57.5 శాతం పెరిగిందన్నా, రూపాయి విలువ 36.5 శాతం తగ్గిందన్నా ఒకటే.) వెయ్యి డాలర్ల ఫీజుకని 4,760 కూడబెట్టిన తండ్రి మరో 2,740 వెతుక్కోవాలి. పోనీ, డబ్బున్నా విదేశీ మారకం ఇవ్వరు. 8 డాలర్లతో విమానం దిగామని ఆ తరం చెప్పుకునేది అందుకే. ఇక్కడి పొలం, ఇల్లు అక్కడ అక్కరకు రావు; మొదటి జీతం దాకా ఫెలోషిప్పో, తెలిసినవాళ్ళో దిక్కు. నా దృష్టిలో ఆ వలసలో ఆస్తికంటే డిగ్రీకి విలువ పెరగడానికి ఇదొక ముఖ్య కారణం.

పాస్‌పోర్టు సంగతీ చూడండి. అది ప్రభుత్వం దయతలిస్తేనే. 1967 ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు, విదేశయానం 21వ అధికరణలోని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమంది. ఆ ఏడాదే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. మనం 1978 మేనకా గాంధీ కేసుతో మొదలుపెడతాం కానీ, ఆమె పాస్‌పోర్టు స్వాధీనం చేసుకున్నది ఈ చట్టం కిందే.

డబ్బుపై కట్టడి మాత్రం 1973 ఫెరాతో ఇంకా బిగిసింది. 2004లో ఎల్‌ఆర్‌ఎస్ వచ్చినప్పుడు పరిమితి 25,000 డాలర్లు.