జ్వరం విడిచాక మిగిలే నొప్పి: నూటయాభై ఏళ్ల అన్వేషణ

జ్వరం తగ్గినా ఒంట్లోకి సత్తువ తిరిగి రాని మనుషులు ప్రతి తరంలోనూ ఉన్నారు. క్రిమియా యుద్ధంలో గాయపడిన సైనికులకు సేవ చేస్తూ 1855లో తీవ్రమైన జ్వరాన పడిన ఫ్లోరెన్స్ నైటింగేల్ ప్రాణాపాయం తప్పించుకున్నారు. కానీ 1857 నుంచి ఏళ్ల తరబడి ఎక్కువ కాలం మంచం మీదే గడిపారు. వెన్నునొప్పి, నిద్రలేమి, నలుగురితో కాసేపు మాట్లాడితే చాలు ముంచుకొచ్చే నిస్సత్తువ ఆమెను వెంటాడాయి. అది మనసు జబ్బేనన్నవారు ఆ తర్వాతి కాలంలో ఎందరో. 1995లో డేవిడ్ యంగ్ అనే పరిశోధకుడు, ఆ లక్షణాలన్నీ పశువుల నుంచి సోకే బ్రూసెల్లోసిస్ మొండికెత్తిన తీరుకు సరిపోతున్నాయని వాదించారు. ఇప్పుడది రుజువు చేయడం సాధ్యం కాదు. ఆమె పుట్టినరోజైన మే 12ను మాత్రం దీర్ఘకాలిక నిస్సత్తువ, ఫైబ్రోమయాల్జియాలతో బాధపడేవారు తమ రోజుగా చేసుకున్నారు.

ఈ బాధకు వైద్యశాస్త్రం పెట్టిన పేర్లలో ఆయా కాలాల ఆలోచన కనిపిస్తుంది. 1869లో న్యూయార్క్ వైద్యుడు జార్జ్ బియర్డ్ దీన్ని న్యూరస్థీనియా అన్నారు. ఆవిరి యంత్రాలు, టెలిగ్రాఫ్ తెచ్చిన కొత్త వేగంలో నరాల శక్తి ఖర్చైపోతోందని ఆయన నమ్మకం. ఫిలడెల్ఫియాలో వియర్ మిచెల్ వారాల తరబడి పక్క దిగనివ్వకుండా పాలు పట్టించి, ఒళ్ళు మర్దన చేయించే విశ్రాంతి చికిత్సను ప్రచారంలోకి తెచ్చారు. 1904లో లండన్‌లో విలియం గోవర్స్ కండరాల చుట్టూ ఉండే కణజాలం వాచిందనుకుని ఫైబ్రోసైటిస్ అని పేరు పెట్టారు. ఆ వాపు తర్వాతి పరీక్షల్లో ఎవరికీ కనిపించలేదు, అయినా పేరు డెబ్భై ఏళ్లు నిలిచింది. 1976లో ఫిలిప్ హెంచ్ దాన్ని ఫైబ్రోమయాల్జియాగా మార్చారు. 1990లో అమెరికా కీళ్లవైద్యుల సంఘం, మూడు నెలలకు పైబడి ఒళ్ళంతా నొప్పి ఉండి, నొక్కితే నొప్పెట్టే 18 చోట్లలో కనీసం 11 తేలితే ఆ జబ్బేనని నిర్ధారణ సూత్రం ఇచ్చింది.

అంటువ్యాధి అన్న అనుమానం బలపడింది మాత్రం ఆసుపత్రుల్లోనే. 1934 వేసవిలో లాస్ ఏంజెలెస్‌ను పోలియో చుట్టుముట్టినప్పుడు, అక్కడి కౌంటీ జనరల్ ఆసుపత్రిలో 198 మంది సిబ్బంది పోలియో లాంటిదే కానీ పోలియో కాని జబ్బుతో మంచమెక్కారు. పక్షవాతాలు అరుదు. నొప్పులు, అలసట, మతిమరుపు మాత్రం నెలలు గడిచినా పోలేదు. 1948లో ఐస్‌లాండ్‌లోని ఆక్యురేరి పట్టణంలో దాదాపు ఐదువందల మందికి ఇలాగే వచ్చింది. అక్కడి శాస్త్రవేత్త బియోర్న్ సిగుర్డ్‌సన్ ఎంత వెతికినా పోలియో వైరస్ దొరకలేదు. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆలోచన రేపేది దాని తర్వాతి ఘట్టం. 1955లో ఐస్‌లాండ్‌ను నిజమైన పోలియో తాకినప్పుడు, అంతకుముందు ఈ జబ్బు తిరిగిన ప్రాంతాల జోలికి అది దాదాపుగా రాలేదు. పోలియోకు దాయాది అయిన మరో వైరస్ ఏదో ముందే వచ్చి వెళ్లిందని ఊహించడానికి అంతకన్నా బలమైన ఆధారం అప్పటికి లేదు.

అదే ఏడాది జూలైలో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో 292 మంది సిబ్బంది జబ్బుపడ్డారు. ఆసుపత్రినే అక్టోబరు దాకా మూసేశారు. విచిత్రమేమంటే, అప్పటికే అక్కడ చికిత్స పొందుతున్న రోగుల్లో ఇది సోకింది 12 మందికే. జబ్బుపడిన వారందరినీ దగ్గరుండి చూసిన అక్కడి వైద్యుడు మెల్విన్ రామ్సే జీవితాంతం వాళ్ల పక్షాన నిలబడ్డారు. మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ అన్న పేరు ఆ ఆసుపత్రి కథ నుంచే వచ్చింది. పదిహేనేళ్ల తర్వాత, 1970లో, ఇద్దరు మానసిక వైద్యులు పాత కేసు కాగితాలు తిరగేసి అదంతా సామూహిక హిస్టీరియా అని తేల్చారు. బాధితుల్లో ఎక్కువమంది స్త్రీలు కావడం వారికి ఒక సాక్ష్యం. రోగులను స్వయంగా పరీక్షించకుండా చేసిన ఆ తీర్పు ఒక తరం రోగుల నోరు నొక్కేసింది. ఈ నూటయాభై ఏళ్లలో జరిగిన పెద్ద అన్యాయం అదేనని నా అభిప్రాయం.

1984లో అమెరికాలో తాహో సరస్సు దగ్గరి ఇంక్లైన్ విలేజ్‌లో రెండువందల మంది దాకా ఇలాగే కూలబడ్డారు. ఎప్‌స్టైన్-బార్ వైరస్ పని అన్నారు, అది నిలవలేదు. 1988లో క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్, అంటే దీర్ఘకాలిక నిస్సత్తువ, అనే కొత్త పేరు మాత్రం మిగిలింది. 2009లో ఎక్స్ఎంఆర్‌వి అనే వైరస్ రోగుల్లో 67 శాతం మందిలో ఉందని సైన్స్ పత్రికలో వ్యాసం వచ్చినప్పుడు ప్రపంచమంతటా రోగులకు ప్రాణం లేచొచ్చింది. ఆ వైరస్ ప్రయోగశాలలోనే, ఎలుకల్లో పెంచిన కణితి కణాల్లో పుట్టిందని రెండేళ్లలోనే బయటపడింది. 2011 చివర ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు.

దోషి ఒక్కటే క్రిమి అన్న పట్టు సడలాకే వెలుగు కనిపించింది. ఆస్ట్రేలియాలోని డబ్బో పట్టణంలో మూడు వేర్వేరు జబ్బులు, అంటే ఎప్‌స్టైన్-బార్, క్యూ జ్వరం, రాస్ రివర్ జ్వరం సోకిన 253 మందిని గమనిస్తూ వెళ్లారు. క్రిమి ఏదైనా, ఆరు నెలల తర్వాత 12 శాతం మందిలో ఒకేలాంటి నిస్సత్తువ, నొప్పులు మిగిలాయి. ఎవరికి మిగులుతుందో చెప్పింది మనసు తీరు కాదు, మొదటి జ్వరం తీవ్రత. 2006లో వెలువడిన ఆ ఫలితాలు తెలుగువారికి పరాయివి కావు. సరిగ్గా ఆ రోజుల్లోనే రాయలసీమ నుంచి తెలంగాణ దాకా చికున్‌గున్యా ఊళ్లను పడుకోబెట్టింది. జ్వరం వారంలో పోయినా, నెలల తరబడి పొద్దున లేచి పిడికిలి బిగించలేకపోయిన వాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. 2020లో కోవిడ్ వచ్చాక దీర్ఘకోవిడ్ రూపంలో అదే వరుస లోకమంతా చూసింది. 2021లో లండన్, లివర్‌పూల్ పరిశోధకులు ఫైబ్రోమయాల్జియా రోగుల రక్తంలోని యాంటీబాడీలను ఎలుకలకు ఎక్కిస్తే, వాటికి నొప్పి పట్ల సున్నితత్వం పెరిగింది. యాంటీబాడీలు కరిగిపోయాక అవి మామూలయ్యాయి. నొప్పి ఊహ కాదని ఇంత సూటిగా చూపిన ప్రయోగం అంతకుముందు లేదు.

వైద్యం కథ కూడా ఇలాగే మలుపులు తిరిగింది. క్రిమి ఇంకా దాగుందనే నమ్మకంతో నెలల తరబడి యాంటీబయోటిక్స్ వాడారు. లైమ్ వ్యాధి తర్వాతి బాధల మీద 2001లో వచ్చిన పరీక్షలు వాటివల్ల మేలు లేదని చూపాయి. సహజ మార్గాల్లో ఫైబ్రోమయాల్జియాకు ఎక్కువ రుజువు దక్కింది శరీరాన్ని నెమ్మదిగా కదిలించే పద్ధతులకు. బోస్టన్‌లో చెన్‌చెన్ వాంగ్ బృందం 2010లోనూ 2018లోనూ తాయ్ చీతో నొప్పి తగ్గుతుందని చూపింది. యోగా, వేడినీళ్ల స్నానాలకూ కొంత ఆధారం ఉంది. మన వావిలాకు నీళ్లు ఆ కోవలోవే, హాయినిస్తాయి. అశ్వగంధ, పసుపు మాత్రలతో మాత్రం మామూలు మోతాదులోనే కాలేయం దెబ్బతిన్న కేసులు ఉన్నాయి. వైద్యుడికి చెప్పకుండా వాటి జోలికి పోకూడదు.

దీర్ఘకాలిక నిస్సత్తువ సంగతి వేరు. అక్కడ శ్రమే విషమవుతుంది. ఈరోజు చేసిన చిన్న పనికి రేపు, ఎల్లుండి మంచం పట్టడం ఆ జబ్బు ముఖ్య లక్షణమని అమెరికా వైద్య సంస్థ 2015లో ప్రకటించింది. 2011లో లాన్సెట్‌లో వచ్చిన పేస్ పరిశోధన అండతో బ్రిటన్‌లో రోగుల చేత రోజురోజుకూ వ్యాయామం పెంచుతూ చేయించారు, ఎందరో మరింత కుంగారు. రోగుల పోరాటం ఫలించి, 2021లో బ్రిటన్ మార్గదర్శకాల నుంచి ఆ చికిత్స తొలగిపోయింది. ఉన్న శక్తిని లెక్కగా వాడుకోవాలన్న సలహా దాని చోటుకు వచ్చింది. చరక సంహిత జ్వర చికిత్సాధ్యాయం కూడా జ్వరం విడిచినవాణ్ణి బలం పుంజుకునేదాకా వ్యాయామం, స్నానం, తిరుగుడు మానమంటుంది. మన అమ్మమ్మలు జావ పెట్టి, పథ్యం ఉంచి, గడప దాటనివ్వని ఆ రోజుల్లో పాటించింది ఈ నియమాన్నే.