కొలబద్ద, పిల్లవాడి మాట

స్వల్పంగా బుద్ధిమాంద్యం వున్న పిల్లవాడు తన్ను గురించి తానేమనుకుంటున్నాడు? శాస్త్రం ఈ ప్రశ్నను చాలా ఆలస్యంగా అడిగింది. ముందుగా అతని తెలివిని కొలిచింది. 1905లో పారిస్‌లో బినే, సిమోన్‌లు పరీక్షలు తయారుచేసింది వెనకబడిన పిల్లలకు తగిన చదువు చెప్పటానికి. అమెరికా చేరేసరికి అవే పిల్లల నుదుట ముద్రవేసే పనిముట్టయినాయి. అక్కడి నిపుణుల సంఘం 1959లో బుద్ధిమాంద్యానికి హద్దును సుమారు 85 దగ్గర పెట్టింది. 1973లో 70కి దించింది. ఒక్క కలంపోటుతో ఎందరో పిల్లలు ఆ జాబితాలోంచి బయటపడ్డారు. మారింది వాళ్ల మెదళ్లా, పెద్దల నిర్ణయమా?

ఆత్మభావనను కొలవటానికి 1964లో పియర్స్, హారిస్‌లు 80 వాక్యాల కొలబద్ద ఒకటి ప్రకటించారు. ప్రతి వాక్యానికీ అవుననో కాదనో చెప్పాలి. చిక్కంతా ఇక్కడే వున్నది. ప్రశ్న అర్థం కానప్పుడు, అడిగేవాడు పెద్దవాడైనప్పుడు, అవుననటమే క్షేమం కదా! బుద్ధిమాంద్యం వున్నవాళ్లలో కొందరు పరస్పర విరుద్ధమైన రెండు ప్రశ్నలకూ అవుననే అంటారని 1981లో సిగెల్‌మన్ బృందం చూపింది. 1985లో సిలోన్, హార్టర్‌లు మరొక సంగతి కనిపెట్టారు: ఈ పిల్లలు తమను పోల్చుకొనేది ఎక్కువగా తమవంటి పిల్లలతోనే. అంటే మార్కులో పిల్లవాడితోపాటు అతని పక్కన కూర్చున్నవాళ్లూ వున్నారన్నమాట.

మన ప్రాంతానికి ఈ పాఠం కొత్తది కాదు. 1863లో శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి సవర భాష నేర్చి, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాశాడు, బళ్లు పెట్టాడు. పిల్లవాడికి చదువు రావటం లేదని తీర్పు చెప్పేముందు ఏ భాషలో చెబుతున్నామో చూసుకోవాలి. ఆయన కృషి నుంచి తెలుగు ఉపాధ్యాయుడిగా నేను నేర్చుకున్నది ఇదే.

విజయనగరం పల్లెలో ఒక గుంటడికి “నా పట్ల నాకు సంతృప్తి కలదు” అని చదివి వినిపిస్తే, కొలిచేది అతని ఆత్మభావననా, మన పుస్తకభాషనా? సీతంపేట కొండల్లోని సవర పిల్లవాడి మాటేమిటి?

కొలవటమే వద్దని నేననను. బుద్ధిమాంద్యం వున్నవారి కోసం 1984లో సికింద్రాబాదులో జాతీయ సంస్థ వెలసింది. అందరితోపాటు ఒకే బడిలో చదివే అవకాశం కల్పించాలని 2016 చట్టం చెబుతున్నది. ఆ చోటు కాగితం మీద మిగలకూడదంటే పిల్లవాడి పలుకుబడిలో, బొమ్మలు చూపి, ఒకే సంగతిని రెండు విధాల అడగాలి. జవాబు కోసం ఓపికపట్టాలి. “మొద్దు” అన్న మాటను రోజూ వినే పిల్లవాడు అదే మాట తన్ను గురించి చెబితే, ఆ మార్కు మన సమాజానికి పడినట్లే లెక్క.