లడ్డు కొత్తది, శనగ పాతది

మిఠాయి దుకాణంల శనగపిండి లడ్డు చూసి ఇది మన తాతముత్తాతల వంట అనుకుంటరు చాలామంది. నేనైతే సగమే ఒప్పుకుంట. శనగ తాతలది, బెల్లం తాతలది. కానీ దండిగ నెయ్యి, తెల్ల చక్కెర, సన్నగ జల్లించిన పిండి, ఈ మూడూ ఒక్కసారి రైతు ఇంట్ల పొయ్యి మీదికి చేరుడు మన మక్తల్ దిక్కు ఆలస్యంగా వచ్చిన భోగమే అని నా లెక్క. ఎందుకో చెప్తా, ఓపికగా చదవండి.

ముందు శనగ సంగతి. దీని అడవి జాతి ఇప్పటికీ టర్కీ దేశం ఆగ్నేయ దిక్కున ఉన్న కొండల్లో మొలుస్తది. అక్కడ సాగులోకి వచ్చి, హరప్పా కాలం నాటికే మన దేశానికి చేరింది. నల్లరేగడికి దీనికంటే నమ్మకమైన యాసంగి పంట తక్కువ. వానలు వెనక్కి పోయినంక విత్తితే భూమిలో దాగిన తేమ, పొద్దటి మంచు మీదనే గింజ కడతది. తెల్లారి శనగ చేన్ల నడిస్తే కాళ్లకు చురచురమంటది గదా, అది ఆకు మీద ఊరే పులుపు. మన పక్క కర్ణాటక నుంచి 1978లో వచ్చిన అన్నిగేరి రకం, తర్వాత 1999లో విడుదలైన జేజీ 11 పేర్లు రెగడి రైతులకు చెప్పే పని లేదు. శనగ మీద పనిచేసే ఇక్రిశాట్ కూడా 1972 నుంచి మన పటాన్‌చెరులనే ఉంది.

ఇక తీపి. అర్థశాస్త్రంలనే ఫాణితం, గుడం, ఖండం, శర్కర అని చెరుకు తీపికి వరుసగా పేర్లున్నయి. ఈ ప్రాంతాన్ని ఏలిన కళ్యాణి చాళుక్యుల్లో మూడో సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో మానసోల్లాసం అని సంస్కృతంలో పెద్ద గ్రంథం రాయించిండు. అందులో రాజు భోజనానికే ఒక భాగం ఉంది. పిండి వంటలు వేయించి చక్కెర పాకంలో వేసే ముచ్చట అందులనే ఉంది. అంటే విద్య తొమ్మిది వందల ఏండ్ల కింద తెలుసు, అయితే అది రాజు వంటింటి విద్య. చేన్ల పనిచేసేటోని ఇంటికి తీపంటే బెల్లమే. మిల్లు చక్కెర మన రాజ్యంల పెద్ద ఎత్తున తయారవడం 1937లో బోధన్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టినంకనే. రేషన్ కార్డు మీద చక్కెర రావడం ఇంకా తర్వాతి ముచ్చట.

పిండి కథ కూడా ఇట్లనే. ఇసుర్రాయి మీద శనగపప్పు ఇసిరితే వచ్చేది రవ్వ రవ్వ పిండి. జల్లెడ పట్టినా పూర్తిగా మెత్తబడదు. ఊరికి గిర్ని వచ్చినంకనే మెత్తటి పిండి సులువైంది. ఇసుర్రాయి పాటలకు మురిసిపోతరు గానీ, ఆ రాయి తిప్పిన చేతుల నొప్పి ఎవరూ పాడరు.

మరి అప్పటిదాకా ఇంట్ల శనగతోని తీపి చేయలేదా? ఎందుకు చేయలే! శనగపప్పు ఉడకబెట్టి, బెల్లం వేసి రుబ్బి, పూర్ణం పెట్టి కాల్చిన బక్షాలు ఉండనే ఉన్నయి. 1956 నవంబర్ 1 దాకా మనమూ రాయచూరు, గుల్బర్గా ఒక్క హైదరాబాద్ రాష్ట్రమే. రాష్ట్రం గీత పడ్డది గానీ వంటింట్ల గీత పడలే, ఆ దిక్కు వాటినే హోళిగె అంటరు. రెండోది పుట్నాల పిండి. సద్దుల బతుకమ్మకు చేసే సత్తు పిండి గుర్తు తెచ్చుకోండి. నా మాటల్ల చెప్పాలంటే మన ఇంటి అసలు శనగపిండి మిఠాయి ఇదే. పుట్నాలు భట్టీల వేడి ఇసుకలోనే వేగి వస్తయి. మళ్లీ నెయ్యి పోసి వేయించే పని లేదు, కట్టెలు కాల్చే పని లేదు. దంచి, బెల్లం కలిపితే అయిపాయె. నెయ్యి అమ్మి ఉప్పు కొనుక్కునే ఇంటికి ఇంతకంటే తెలివైన తీపి ఏముంటది?

తెలుగునాట శనగపిండికి పేరు తెచ్చింది మాత్రం సముద్రం దిక్కున్న మచిలీపట్నం. బందరు లడ్డు, తొక్కుడు లడ్డు అంటరు. బుందేల్‌ఖండ్ నుంచి వలస వచ్చిన బొందిలీ కుటుంబాలు తెచ్చిన విద్య అని అక్కడ చెప్పుకుంటరు. శనగపిండిని కారప్పూస లెక్క వత్తి వేయించి, రోట్ల దంచి, జల్లించి, బెల్లం పాకం పోసి మళ్లీ దంచుతరు. అందుకే తొక్కుడు అన్నరు. దానికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరుపతి లడ్డుకు అంతకుముందే 2009లో వచ్చింది. అందులోనూ బూంది అంటే శనగపిండే.

ఇప్పుడు ఇంట్ల చేసుకునే తీరు. కిలో పిండికి అర కిలో నెయ్యి, ముప్పావు కిలో చక్కెర పొడి, ఇలాచి. సన్న మంట మీద కలుపుతనే ఉండాలి, అరగంటకు తక్కువ పట్టదు. మొదట ముద్దగా ఉండి, తర్వాత నెయ్యి వదిలి జారుగా అయితది, రంగు మారి కమ్మటి వాసన వస్తది. దించే ముందు రెండు చెంచాల నీళ్లు చల్లితే బుస్సుమని పొంగి పిండి రవ్వకడతది. జరంత దూరంగా నిలబడండి. గోరువెచ్చగ అయినంకనే చక్కెర కలపాలి. వేడి మీద కలిపితే చక్కెర కరిగి ముద్ద నిలవదు. లడ్డు అంగిట్ల అతుక్కుంటున్నదంటే పిండి మరీ మెత్తగుందనో, సరిగ్గ వేగలేదనో లెక్క.

అసలు నా బాధ పిండి దగ్గరనే ఉంది. పచ్చ బఠానీ అని పేరుంది గానీ చూడనీకి పసుపు రంగు, కెనడా, రష్యాల నుంచి ఓడల్ల వస్తది. 2017లో దాని మీద 50 శాతం సుంకం వేసిండ్రు. 2023 డిసెంబర్‌ల తీసేసిండ్రు. మళ్లీ 2025 నవంబర్ 1 నుంచి 30 శాతం పెట్టిండ్రు. శనగ కంటే చవక కాబట్టి అది పిండిలోకి దూరుతది. పిండి అయినంక కంటితో పట్టుకునుడు కష్టం. మనకేమో 2025-26 మార్కెట్ సీజన్‌కు శనగ మద్దతు ధర క్వింటాలుకు 5,650 రూపాయలని కాగితం మీద ఉండె. కొనేటోడు బఠానీ ధర చూపిచ్చి బేరం ఆడుతడు. అంటే పండించినోడే తన పండుగ లడ్డుల పరాయి గింజ తినే రోజు వచ్చింది.

కాబట్టి ఈసారి ప్యాకెట్ కొనకండి. గట్టి శనగపప్పు తెచ్చుకొని, రెండు రోజులు ఎండపోసి, గిర్నికి తీసుకపోండి. ముందు వేరే పిండి పట్టి ఉంటే మొదటి పిడికెడు పక్కకు తీయించండి. మరీ మెత్తగ వద్దు, జర రవ్వగ పట్టమని చెప్పండి. మీ దిక్కు బక్షాలను ఏమంటరు, పోలెలా, ఓళిగలా? కింద రాయండి.