నాలుగో వార్డు పక్క గది

పనిచోట స్త్రీల భద్రత గురించి రాసేటప్పుడు మనం సాధారణంగా 1997 నాటి విశాఖ తీర్పుతో మొదలుపెడతాం. భన్వారీదేవి పోరాటం లేకపోతే ఆ తీర్పే లేదు కాబట్టి అది సబబే. నేను మాత్రం ఇంకో ఇరవై నాలుగేళ్లు వెనక్కి, అప్పటి బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సుల దగ్గరికి వెళ్తాను.

1973 నవంబర్ 27న, డ్యూటీ ముగించుకుని బేస్‌మెంట్‌లో బట్టలు మార్చుకుంటున్న జూనియర్ నర్సు అరుణా శాన్‌బాగ్‌పై అక్కడి స్వీపరే దాడి చేశాడు. మెడకి కుక్క గొలుసు బిగించడంతో మెదడు దెబ్బతింది. ఆమెకప్పుడు 25 ఏళ్లు. అతనికి దోపిడీ, హత్యాయత్నం నేరాలకే శిక్ష పడింది. అత్యాచారం ఊసే లేదు. ఏడేళ్లకి బయటికొచ్చాడు. ఆమె మాత్రం 2015 మే 18న చనిపోయేదాకా నాలుగో వార్డు పక్క గదిలోనే ఉండిపోయింది.

అరుణ పేరు మనకి కారుణ్య మరణం చర్చలోనే ఎక్కువగా వినిపిస్తుంది. నాకు మాత్రం ఆ నర్సులు గుర్తుకొస్తారు. దాడి తర్వాత వాళ్లు సమ్మె చేశారు. అరుణకి సరైన వైద్యం, తమకి భద్రత, రెండూ కలిపే అడిగారు. 1980లలో ఆమెని అక్కణ్ణించి తరలించాలని మునిసిపల్ కార్పొరేషన్ చూస్తే పడనివ్వలేదు. 2011 మార్చి 7న సుప్రీంకోర్టు ఆమెకి ఆప్తులు ఆసుపత్రి సిబ్బందేనంది. అప్పటికి ఆమెకి సేవ చేస్తున్నవాళ్లలో చాలామంది ఆమెతో కలిసి పనిచేసినవాళ్లు కాదు.

దీన్ని స్త్రీసహజమైన సేవాగుణమని పొగిడితే నేనొప్పుకోను. అది కార్మికుల సంఘీభావం. అరుణ ఏం కోరుకునేదో మాత్రం ఎవరూ చెప్పలేరు. ఎంత ప్రేమైనా ఆ ప్రశ్నకి జవాబు కాదు.

2013 చట్టం ప్రకారం విచారణ కాలంలో ఫిర్యాదు చేసిన ఉద్యోగిని బదిలీ గానీ, మూడు నెలల దాకా సెలవు గానీ కోరవచ్చు. మంచిదే. కానీ ఏళ్లకిందటి గాయాన్ని మోస్తూ రోజూ రిజిస్టర్లో సంతకం పెట్టేవాళ్లకి ఏ విచారణా ఉండదు. నాతో పనిచేసిన ఒకామె సాయంత్రం పూట వరండా చివరి గదిలో పరీక్ష డ్యూటీ చేయలేకపోయేది. ఎందుకని మేమెవరం అడగలేదు. డ్యూటీలు మార్చుకునేవాళ్లం. కారణం చెబితేనే సాయమంటే, మానిన గాయాన్ని మళ్లీ కెలకడమే అవుతుంది. అయితే మా సర్దుబాటు మా మంచితనం మీదే నడిచింది. మేం వెళ్లిపోతే ఆమెకి ఏ హక్కూ మిగలదు. అందుకే స్నేహంతో ఆగిపోకుండా సమ్మెదాకా వెళ్లిన ఆ నర్సులు నాకు ముఖ్యం.

2024 ఆగస్టులో కోల్‌కతాలో ఒక యువ డాక్టరు హత్యాచారం కేసు విచారిస్తూ సుప్రీంకోర్టు మళ్లీ అరుణ పేరు తలుచుకుంది. రాత్రి డ్యూటీలో ఆ డాక్టరు కాసేపు నడుం వాల్చడానికి సెమినార్ హాలుకి వెళ్లింది. అరుణ బట్టలు మార్చుకోవడానికి బేస్‌మెంట్‌కి వెళ్లింది. మధ్యలో యాభై ఏళ్లు గడిచాయి. పనిచేసే ఆడదానికి లోపల గడియ ఉన్న ఒక గది ఇవ్వడానికి ఈ దేశానికి అవి చాల్లేదు.