తేలిక ఎడిటరా, సర్వసాధన ఎడిటరా?

ప్రోగ్రాములను వ్రాసి దిద్దుకొను సాధనమును ఎడిటర్ అందురు. 1969లో కెన్ థాంప్సన్ రచించిన 'ఎడ్'కు తెరతో పనిలేదు. టెలిటైపు కాగితముపై ఒక్కొక్క పంక్తినే చూచి దిద్దుకొనెడివారు.

1976లో రెండు మార్గములు ఏర్పడినవి. బర్క్‌లీ విశ్వవిద్యాలయ విద్యార్థి బిల్ జాయ్ 'వీఐ'ని ప్రారంభించెను. సెకనుకు 300 బిట్లు మాత్రమే పంపు టెలిఫోను తీగపై కూడ అది నడువవలెనని ఆతని సంకల్పము. అనగా సెకనుకు సుమారు 30 అక్షరములు! పంక్తికి 80 అక్షరముల చొప్పున 24 పంక్తులు గల తెర నిండుటకు నిమిషమునకు పైగా పట్టును. అందుచే ఆజ్ఞలు పొట్టివయ్యెను: 'డీ' మీటను రెండుసార్లు నొక్కిన పంక్తి తొలగిపోవును.

అదే సంవత్సరమున మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రిచర్డ్ స్టాల్మన్, గై స్టీల్‌లు 'ఈమాక్స్'ను రూపొందించిరి. అచ్చటి తెరలకు అట్టి ఇరుకు లేదు. 1985లో వెలువడిన దాని నూతన రూపమునకు వాడుకరియే లిస్ప్ భాషలో క్రొత్త శక్తులను చేర్చుకొనవచ్చును. అయితే, అది జ్ఞాపకమును విస్తారముగా మ్రింగుననెడి పరిహాసము పుట్టినది.

నేడు జ్ఞాపకము చవుక. అయినను దూరపు యంత్రములో ఒక్క పంక్తిని సరిచేయుటకు తేలిక సాధనమే చాలును. వందల ఫైళ్లలో ఒక పేరును తప్పులేకుండ మార్చుటకు సర్వసాధనమే మేలు. ఏది గొప్పదని గాక, చేయవలసిన పని యేది, చేతనున్న యంత్రమెట్టిదని విద్యార్థి ముందుగా ప్రశ్నించుకొనవలెను.